మైనస్ ముప్పైలో లుంగీ

నెల్లూరు వైపు మా కలువాయి బస్టాండు దగ్గర టీ తాగేవాళ్లలో కెనడా చూసినవాడు ఒక్కడూ లేడు. కెనడా గురించి తెలియనివాడూ ఒక్కడూ లేడు. కెనడాలో మానిటోబా రాష్ట్రంలోని విన్నిపెగ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి సంక్రాంతి కాగానే పోతున్నానని తెలిసిన రోజు నుంచి నాకు ఉచిత పాఠాలు మొదలైనాయి. అక్కడ ఉమ్మేస్తే నేలన పడేలోపల గడ్డ కడుతుందంట. ఇళ్లు మంచుగడ్డలతో కట్టుకుంటారంట. తెల్ల ఎలుగుబంట్లు వీధుల్లోనే తిరుగుతుంటాయంట. స్నానాలు ఉండవంట, ఎండాకాలం వచ్చాక ఊరంతా ఒకేసారి చేస్తారంట. "నీకేమి అయ్యోరా, మేమీడ రోహిణి కార్తెలో మలమలా మాడతా ఉంటే నువ్వాడ ఫ్రిజ్జిలో కాపరం చేస్తుంటావు" అన్నాడు ఒకాయన. ఇంకొకాయన పక్కకు పిలిచి, "వచ్చేటప్పుడు చిన్న మంచుగడ్డ తెస్తావా?" అన్నాడు. ఎగతాళికి అన్నాడో, నిజంగానే అడిగాడో ఇప్పటికీ తేలలేదు.

వాళ్లను అనేందుకు లేదు. తెల్లవారుజామున పద్దెనిమిది డిగ్రీలుంటే మంకీ క్యాప్ పెట్టుకుని చలిమంట వేసుకునే ఊరు మాది. వెలిగొండల మీది గాలి కాస్త సోకితే "ఈ ఏడు చలి జాస్తబ్బా" అనుకుంటాం. మంచు అంటే మాకు వేరుసెనగ ఆకుల మీద పడేది, లేదంటే పెళ్లిళ్లలో కూల్‌డ్రింకు సీసాల మీద పోసేది.

విన్నిపెగ్ విమానాశ్రయం తలుపులు తెరుచుకున్నాక నేను పీల్చిన మొదటి గాలి ముక్కులోనే ఆగిపోయింది. లోపలి వెంట్రుకలు చిటుక్కున బిగుసుకున్నాయి. రెప్ప వేస్తే పై రెప్పా కింది రెప్పా ఒక్క క్షణం అతుక్కుని విడివడుతున్నాయి. కారు దగ్గరికి పోతే దాని బానెట్ కింద నుంచి ఒక కరెంటు తీగ, దాని చివర ప్లగ్గు వేలాడుతున్నాయి.

"కరెంటు కారు కొన్నారామ్మా?"

"కాదు నాన్నా, పెట్రోలుదే. రాత్రిళ్లు దీనికి చలి పెట్టకుండా ప్లగ్గు పెడతాం."

నన్ను ఆటపట్టిస్తోందనుకున్నాను. ఇంటికి పోయాక అల్లుడు నిజంగానే తీగ తీసుకెళ్లి గోడ సాకెట్లో పెట్టాడు. బ్లాక్ హీటర్ అంటారు. ఇంజనులోని కూలెంటును వెచ్చగా ఉంచుతుంది. అది లేకపోతే రాత్రికి రాత్రి ఆయిలు చిక్కబడి, బ్యాటరీ నీరసించి, తెల్లారి కారు కదలనని మొరాయిస్తుంది. ఆఫీసుల పార్కింగుల్లో, అపార్ట్‌మెంట్ల ముందు వరసగా సాకెట్లున్న స్తంభాలు పాతి ఉంటాయి. కలువాయిలో ఇది ఎవరూ చెప్పలేదు. చెప్పినవన్నీ కాకుండా, ఎవరూ ఊహించనిది నిజమయింది.

ఈ ఊరి వాళ్లకు తమ చలి మీద ఉన్న గర్వం నేను ఇంకెక్కడా చూడలేదు. ఊరి పేరులో 'విన్ని'కి బదులు వింటర్‌ను అతికించి 'వింటర్‌పెగ్' అని వాళ్లే పెట్టుకున్నారు. 1879 డిసెంబరు 24న ఇక్కడ మైనస్ 47.8 డిగ్రీలు నమోదైంది. అది తమ తాత ముత్తాతలు సాధించిన పతకమన్న ధీమాతో చెబుతారు. 2013 డిసెంబరు 31న ఊళ్లో మైనస్ 31 ఉంది. అదే సమయంలో అంగారకుడి మీద తిరుగుతున్న క్యూరియాసిటీ రోవర్ పంపిన పగటి ఉష్ణోగ్రత మైనస్ 29. ఆ రోజు విన్నిపెగ్ అంగారకుడి కన్నా చల్లగా ఉందని మానిటోబా మ్యూజియం వాళ్లే ప్రకటించారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాట చెప్పని మనిషి నాకు తారసపడలేదు. బస్సు డ్రైవరు చెప్పాడు, లైబ్రరీలో అమ్మాయి చెప్పింది, పళ్ల డాక్టరు నా నోట్లో పనిముట్టు పెట్టి మరీ చెప్పాడు.

ఇంత చలిలో ఈ జనం ఇష్టంగా తాగేదేమిటో తెలుసా? స్లర్పీ. రంగు రంగుల తీపి సోడాను సగం గడ్డ కట్టించి సెవెన్ ఎలెవెన్ కొట్లలో అమ్ముతారు. మన తిరునాళ్ల ఐసుకు దగ్గరి చుట్టం. ప్రపంచ స్లర్పీ రాజధాని అనే బిరుదు ఇరవై ఏళ్లకు పైగా మానిటోబాను వదల్లేదు, అందులో సింహభాగం విన్నిపెగ్‌దే. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం మా మనవడు నన్ను అక్కడికి తీసుకుపోయాడు. బయట మైనస్ ఇరవై ఏడు. లోపల ఐసు గ్లాసుల కోసం క్యూ. "ఎందుకురా ఇది?" అంటే, "ఇక్కడైతే కరగదు తాతా" అన్నాడు. తర్కంలో లోపం కనబడలేదు. నేనూ ఒకటి తాగాను. మూడు రోజులు గొంతు పెగల్లేదు.

కెనడా వాళ్లు అయినదానికీ కానిదానికీ 'సారీ' చెబుతారని విన్నది మాత్రం నిజం. బస్సులో నేను ఒకాయన బూటు తొక్కితే ఆయన సారీ చెప్పాడు. తలుపు దగ్గర నేను అడ్డం నిలబడితే వెనక వచ్చినావిడ సారీ చెప్పింది. ఒకతను చెత్త డబ్బాకు తగులుకుని దానికి చెప్పబోయి మానుకోవడం కళ్లారా చూశాను. మరీ ఇంత ఉదారంగా సారీలు పంచితే కోర్టులో చిక్కు రాదా అని అల్లుణ్ణి అడిగాను. వచ్చే ప్రమాదం ఉందనే చట్టాలు చేశారన్నాడు. 2006లో బ్రిటిష్ కొలంబియా, ఆ తర్వాత మానిటోబా, 2009లో ఒంటారియో క్షమాపణ చట్టాలు తెచ్చాయి. సివిల్ దావాల్లో 'సారీ' అన్న మాటను తప్పు ఒప్పుకున్నట్టు లెక్కగట్టకూడదని వాటి సారం. నవ్వులాటకు చెప్పుకునే అలవాటును శాసనసభల్లో కూర్చుని కాపాడుకున్న జాతిని మెచ్చుకోవాల్సిందే. నెల్లూరులో ఇలాంటి చట్టం తెస్తే వాడకమే ఉండదు.

ఇక లుంగీ. విన్నిపెగ్‌లో జనవరి అంటే మబ్బూ ముసురూ అనుకునేరు. మంచు కురవని రోజున ఆకాశం నీలంగా, ఎండ ఫెళ్లుమని కాస్తుంది. కిటికీలోంచి ఆ ఎండ చూసి ఉతికిన లుంగీని పెరటి కటకటాల మీద ఆరేద్దామనిపించింది. "డ్రయ్యర్ ఉంది గదా, మీకేం పోయేకాలం?" అంది మా ఆవిడ. చూద్దామని ఆరేశాను. కాసేపటికి పోయి చూస్తే అది అట్టముక్కయి నిలబడి ఉంది. గళ్లు, అంచు అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, మడత మాత్రం పడదు. మా మనవడు దాన్ని తీసుకెళ్లి గొట్టంలా వంచి, మంచులో పాతి, పైన తన ఉన్ని టోపీ పెట్టాడు. పక్కింటి పెద్దాయన పారతో దారి శుభ్రం చేసుకుంటూ తలెత్తి, ఆ లుంగీకి గుడ్ మార్నింగ్ చెప్పాడు. తర్వాత నన్ను చూసి సారీ చెప్పాడు.

విచిత్రం ఏమంటే, సాయంత్రానికి ఆ లుంగీ చాలావరకు ఆరింది. అంత పొడి గాలిలో మంచు నీరు కాకుండానే నేరుగా ఆవిరైపోతుందట. పాత రోజుల్లో ఇక్కడి ఆడవాళ్లు చలికాలంలో కూడా బట్టలు తీగల మీదే ఆరేసేవారని, గడ్డ కట్టిన దుప్పట్లను విరక్కుండా ఇంట్లోకి మోసుకురావడం తన చిన్నప్పటి పని అని పెద్దాయన చెప్పాడు. ఆయన పూర్వీకులు యుక్రెయిన్ నుంచి వచ్చి ఈ మైదానాల్లో గోధుమ పండించిన వాళ్లు. లుంగీ పుణ్యమా అని ఆయనతో స్నేహం కుదిరింది.

నేను ఆయనకు ఉదయగిరి చెక్క చెంచాలు ఇచ్చాను. దుర్గం కొండల్లోని నర్ది, బిక్కి లాంటి కర్రతో చేసే ఆ చెంచాల మీది చెక్కడాన్ని అద్దాలు పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. "దీనికి నాలుక అంటుకోదు" అన్నాడు. మైనస్ ముప్పైలో ఇనుప స్తంభానికి నాలుక తగిలిస్తే అతుక్కుపోతుంది. బళ్లో పిల్లలు ఒకరినొకరు పందెం కాసి రెచ్చగొట్టుకునేది దీనికే. సినిమాల్లో చూసి కట్టుకథ అనుకుంటాం గానీ ఈయన నాలుక కొన మీద ఆ గుర్తు ఉందని చూపించబోయాడు. వద్దన్నాను.

బదులుగా ఆయన మేపుల్ సిరప్ సీసా ఇచ్చాడు. కెనడా వాళ్లకు నరాల్లో ప్రవహించేది ఇదేనని జోకు. సుమారు నలభై లీటర్ల మేపుల్ చెట్టు రసం మరిగిస్తే ఒక లీటరు సిరప్ వస్తుంది. క్విబెక్‌లో ఉత్పత్తిదారుల సంఘం ఎవరెంత అమ్మాలో కోటా పెట్టి, మిగిలింది గోదాముల్లో నిల్వ చేసి, పంట తక్కువైన ఏడు బయటికి తీస్తుంది. 2011, 2012 సంవత్సరాల్లో అలాంటి ఒక గోదాము నుంచి దొంగలు దాదాపు మూడు వేల టన్నుల సిరప్ తోడేసి, కొన్ని పీపాల్లో నీళ్లు నింపి పెట్టారు. సరుకు విలువ కోటీ ఎనభై లక్షల డాలర్ల పైమాటే. దేశమంతా పగలబడి నవ్విందట. నాకు మాత్రం దొంగతనం కన్నా గోదామే కళ్లలో మెదిలింది. మా పక్క నిమ్మ రైతు ఒక వారం మూటకు మంచి ధర చూస్తాడు, ఇంకో వారం కోత కూలి గిట్టక కాయ చెట్టుకే వదిలేస్తాడు. పొదలకూరు, గూడూరు మార్కెట్లలో ఇలా మిగులును దాచి ధర నిలబెట్టే ఏర్పాటు ఏదైనా ఉంటే, దొంగలు పడ్డా ఫరవాలేదనిపించింది.

ఎండల విషయంలో మాత్రం నేను తగ్గలేదు. "మాకు మే నెలలో నలభై అయిదు దాటుతుంది" అన్నాను, ఈసారి నా వంతని. పెద్దాయన తల పంకించి, 2021 జూన్ 29న బ్రిటిష్ కొలంబియాలోని లిట్టన్ అనే పల్లెలో 49.6 డిగ్రీలు వచ్చిందని, ఆ మర్నాడే కార్చిచ్చుకు ఊరు చాలావరకు కాలిపోయిందని చెప్పాడు. మంచు దేశంలో! ఎండలకు పేరుపడ్డ మన రెంటచింతల పేరు చెప్పి గెలుద్దామనుకున్న నేను టీ కప్పు వైపు చూస్తూ ఊరుకున్నాను.

అయినా ఆ దేశం నుంచి మన ఎండలోకి వచ్చినవాళ్లు నాకంటే ఎంతో ముందే ఉన్నారు. ఇప్పటి ఒంటారియోలో పుట్టిన శామ్యూల్ డే అనే బాప్టిస్టు మిషనరీ 1836లో ఓడ దిగి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. 1845లో ఆరోగ్యం చెడి వెనక్కి వెళ్లి, 1848లో మళ్లీ నెల్లూరుకు బయల్దేరాడు. నేను హీటరూ, బూట్లూ, అల్లుడి కారూ పెట్టుకుని వాళ్ల చలిని చూశాను. ఆయన ఫ్యాను కూడా లేని నెల్లూరును చూశాడు. అయినా రెండోసారి వచ్చాడు. మంచు దేశం వాళ్లు సుకుమారులని ఎవరైనా అంటే ఈయన పేరు చెప్పండి.

మంచుగడ్డలతో కట్టే ఇల్లు, అంటే ఇగ్లూ గురించి మన వాళ్లు అనే మాటే అమెరికా వాళ్లు కూడా అంటారు, అదీ సరిహద్దు పక్కనే ఉండి. న్యూఫౌండ్‌లాండ్‌కు చెందిన హాస్యనటుడు రిక్ మెర్సర్ దీన్నే పెట్టుబడి చేసుకున్నాడు. మైకు పట్టుకుని అమెరికాలో తిరిగి, కెనడా గురించి ఉన్నవీ లేనివీ చెప్పి వాళ్లతో అవుననిపించేవాడు. కెనడా తన జాతీయ ఇగ్లూను కాపాడుకుందని చెబితే, అప్పుడు ఆర్కన్సా గవర్నరుగా ఉన్న మైక్ హకబీ కెమెరాలోకి చూసి అభినందనలు చెప్పాడు. 2001 ఏప్రిల్ 1న ప్రసారమైన ఆ ప్రత్యేక కార్యక్రమాన్ని ఇరవై ఏడు లక్షల మంది చూశారు. మా అల్లుడు ఆ వీడియో పెట్టి చూపించినప్పుడు నేనూ కళ్లల్లో నీళ్లు వచ్చేలా నవ్వాను.

ఆ నవ్వు కొంత తగ్గింది విన్నిపెగ్ ఆర్ట్ గ్యాలరీ పక్కన 2021 మార్చిలో తెరిచిన ఖౌమయుక్ అనే కళాకేంద్రానికి వెళ్లాక. ఉత్తరాది మంచు ప్రాంతాల ఆదివాసులైన ఇన్యూట్ల సమకాలీన కళకు ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రజా సేకరణ అక్కడుంది. లోపలికి అడుగు పెట్టగానే మూడంతస్తుల ఎత్తున ఒక గాజు భండారం, అరల నిండా వేల కొద్దీ రాతి బొమ్మలు. నడుం వంచి సీల్ కోసం మంచులో రంధ్రం దగ్గర కాచుకున్న వేటగాడు, వీపు మీద కోటు టోపీలో బిడ్డను మోసే తల్లి, ఒంటి కాలి మీద నాట్యమాడే తెల్ల ఎలుగుబంటి. అరచేయంత రాయిలో ఎలుగుబంటి బరువంతా ఆ ఒక్క పాదం మీదికి ఎలా దిగిందో నాకు అర్థం కాలేదు. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను.

మనం బస్టాండులో నవ్వుకునే మంచు ఇల్లు వీళ్లది. అది అందరూ ఏడాదంతా కాపురముండే ఇల్లు కాదు, ఎక్కువగా వేటకు పోయినప్పుడు కట్టుకునే విడిది. గాలికి బాగా గట్టిపడిన మంచునే ఎంచుకుని, కత్తితో దిమ్మలు కోసి, చుట్టూ మెలి తిరిగే వరసలో లోపలికి వాలుస్తూ పేరుస్తారు. దూలం లేదు, గుంజ లేదు, సున్నం లేదు. వాకిలిని పడక కన్నా దిగువన పెడతారు కాబట్టి వెచ్చని గాలి పైనే నిలిచి ఉంటుంది. సీల్ కొవ్వుతో వెలిగించే రాతి దీపం ఒక్కటి పెడితే, బయట మైనస్ నలభై ఉన్నా లోపల నీళ్లు గడ్డ కట్టనంత వెచ్చదనం వస్తుంది. చెట్టే మొలవని చోట చేతిలో కత్తి ఒక్కటే ఉన్నవాడు ఇది కట్టాడు.

విన్నిపెగ్ వాడు చలి మీద జోకు వేస్తే నాకు ముచ్చటేస్తుంది, ఎందుకంటే రేపు పొద్దున పార పట్టుకుని ఆ మంచు ఎత్తేది అతనే. ఇగ్లూ జోకు అలాంటిది కాదు. దాన్ని టొరంటో వాడు చెప్పినా, కలువాయి వాడు చెప్పినా ఇల్లు ఇంకొకరిది, నవ్వు మనది. సినిమాలో ఎవడో మన నెల్లూరు యాసను సాగదీసి 'ఏందబ్బా' అంటే ఒళ్లు మండే మనకు, అదే యాసతో మనలో మనం గంటలు గంటలు ఆడుకునే మనకు, ఈ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకే ఊరికి వచ్చాక ఎవరన్నా ఇగ్లూ అనగానే ఆ రాతి దీపం సంగతి ఎత్తుకుంటున్నాను. టీ చల్లారిపోతోందని గొణుగుతారు గానీ వింటారు.

తమ మీద తాము నవ్వుకోవడం వాళ్ల ప్రభుత్వాల దాకా పాకింది. విన్నిపెగ్ గుండా పోయే రెడ్ నది దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. ఏప్రిల్‌లో ఎగువన అమెరికా వైపు మంచు ముందు కరుగుతుంది, దిగువన నది ఇంకా గడ్డ కట్టే ఉంటుంది. నీళ్లకు పోయే దారి ఉండదు. 1950 వరదలో సుమారు లక్ష మంది ఇళ్లు విడిచిపోయారు. ఆ తర్వాత ముఖ్యమంత్రిగా వచ్చిన డఫ్ రాబ్లిన్, ఊరి చుట్టూ నీళ్లు మళ్లించే 47 కిలోమీటర్ల వరద కాలవ తవ్వించాడు. 1962లో మొదలై 1968లో పూర్తయింది. డబ్బు తగలేస్తున్నాడని గిట్టనివాళ్లు దానికి 'డఫ్ గుంట' అని పేరు పెట్టారు. 1997లో శతాబ్దపు వరద వచ్చినప్పుడు ఆ గుంటే ఊరిని కాపాడింది. పేరు మాత్రం మార్చలేదు, ఇప్పుడు అదే పేరును ముద్దుగా పిలుస్తున్నారు. ఏప్రిల్‌లో నన్ను తీసుకెళ్లి చూపించారు. సోమశిల నుంచి కండలేరుకు పోయే వరద కాలవను చూస్తూ పెరిగినవాణ్ణి, 2021 నవంబరులో పెన్న సోమశిల దిగువన చేసిన బీభత్సం చూసినవాణ్ణి. గట్టు మీద నిలబడి ఆ గుంటకు ఒక దండం పెట్టుకున్నాను.

జూన్ వచ్చేసరికి మంచంతా పోయి, పచ్చగడ్డి లేచి, ఊరు ఊరంతా దోమల పాలయింది. ఇక్కడి రెండో జోకు ఇదే: మానిటోబా రాష్ట్ర పక్షి దోమ అని. పక్కింటి పెద్దాయన ఒక ఆదివారం మమ్మల్ని కారెక్కించుకుని ఉత్తరాన ఉన్న కొమార్నో అనే పల్లెకు తీసుకుపోయాడు. పాతకాలం యుక్రెయిన్ వలసదారుల ఊరు. వాళ్లు దోమల పేరే ఊరికి పెట్టుకున్నారు. 1984లో అక్కడ ఉక్కుతో ఒక రాక్షసి దోమ విగ్రహం నిలబెట్టారు. రెక్కలు ఒక కొస నుంచి ఇంకో కొసకు మనిషికి రెండింతలు పైనే ఉంటాయి, గాలి వీస్తే అది ఆ వైపు తిరుగుతుంది. దాని ముందు ఫొటో దిగుతుంటే అసలు దోమలు మా మోకాళ్ల పని పట్టాయి.

నెల్లూరు వాళ్లకు నాదొక విన్నపం. మన దోమలు ఏ రకంగానూ వాటికి తీసిపోవు. పెన్న వంతెన దగ్గర ఒక విగ్రహం పెట్టించుకుందాం. చందాకు నేను సిద్ధం.